పచ్చ లైటు వెలిగితే గాలి బాగున్నట్టేనా? సెన్సారు ప్యూరిఫయరును ఇంట్లోనే పరీక్షించుకోవడం

ముందు మీరు అడిగింది ఇక్కడ ఒకసారి చెప్పి మొదలుపెడతాను, చదివే మిగతావాళ్లకూ తెలియాలి కదా. కాశీబుగ్గలో ఇల్లు, దగ్గర్లోనే జీడి పిక్కల పరిశ్రమలు, అమ్మగారికి ఉబ్బసం. ఆవిడ కోసం పద్నాలుగు వేలు పెట్టి సెన్సారు ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ కొన్నారు. నాలుగు నెలలుగా ఆటో మోడ్‌లో, అంటే సెన్సారును బట్టి ఫ్యాను స్పీడును మిషనే మార్చుకునే పద్ధతిలో నడుస్తోంది, 500 చదరపు అడుగులకు సరిపోతుందని డబ్బా మీద రాసి ఉంది, ఎప్పుడు చూసినా పచ్చ లైటే, అయినా తెల్లవారుజామున అమ్మగారికి ఆయాసం వస్తూనే ఉంది. మిషను పనిచేస్తోందా, డబ్బు దండగ చేశామా అన్నది మీ ప్రశ్న.

మిషను బాగానే ఉండి ఉండొచ్చు. కానీ దాన్ని మీరు నడుపుతున్న పద్ధతిలో అమ్మగారి ముక్కు దగ్గరికి శుభ్రమైన గాలి చేరుతోందని చెప్పడానికి ఆ పచ్చ లైటు సాక్ష్యం కాదు. నేను పైడిభీమవరంలో మందుల కంపెనీ క్లీన్‌రూముల్లో పదిహేడేళ్లుగా ఈ పనే చేస్తున్నాను, హెపా ఫిల్టర్లు, అంటే అతి సన్నటి కణాలను కూడా పట్టే ఫిల్టర్లు పరీక్షించడం, గాలిలో కణాలు లెక్కపెట్టే మీటర్లు చూసుకోవడం. అక్కడ ఏ మిషనుకైనా దాని లైటు చూసి సర్టిఫికెట్ ఇవ్వం, వేరే మీటరుతో కొలిచి ఇస్తాం. ఇంట్లో కూడా అదే చేయొచ్చు, పెద్ద ఖర్చు కాదు, ఒక ఆదివారం పూట సరిపోతుంది.

పచ్చ రంగు ఎక్కడిదాకా అన్నది ముందు తేల్చుకోవాలి. పీఎం 2.5 అంటే రెండున్నర మైక్రాన్ల కంటే చిన్న కణాలు, ఊపిరితిత్తుల లోపలిదాకా పోయేవి. మన దేశంలో 24 గంటల సగటుకు పెట్టిన పరిమితి ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించి చెప్పింది 15. చైనా 2012లో పెట్టిన రోజు సగటు ప్రమాణం 75, అక్కడి లెక్కతో తయారైన కొన్ని మిషన్లలో 75 దాకా పచ్చ లైటే వెలుగుతుంది. అంటే గదిలో 70 ఉన్నా మిషను ప్రకారం అంతా బాగున్నట్టే, ఆటోలో ఫ్యాను అడుగు స్పీడులోనే తిరుగుతుంది. ఉబ్బసం ఉన్న మనిషికి 70 బాగున్నట్టు కాదండీ. మీ మిషనుతో వచ్చిన పుస్తకంలో ఏ రంగు ఎంతదాకా అని ఒక పట్టిక ఉంటుంది, అది తీసి చూడండి. అంకె చూపించే మిషనైతే అది పీఎం 2.5 చూపిస్తోందా, ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) చూపిస్తోందా అన్నదీ చూడండి. రెండూ ఒకటి కాదు, మన దేశపు ఏక్యూఐలో 100 అంటే పీఎం 2.5 అరవై దగ్గర, అమెరికా లెక్కలో అదే 100 అంటే ముప్పై అయిదు దగ్గర.

రెండోది, సెన్సారు ఎక్కడుంది? మిషను పక్కనో వెనకో చిన్న జాలీలో ఉంటుంది. శుభ్రమైన గాలి బయటికొచ్చేది కూడా అదే మిషను నుంచి. కాబట్టి ఆ చుట్టుపక్కల మూడు నాలుగు అడుగుల గాలి ముందు బాగుపడుతుంది, సెన్సారు చూసేది ఆ గాలినే, చూసి గది మొత్తం బాగుందనుకుని ఫ్యాను తగ్గించేస్తుంది. మీరు పంపిన వివరాల ప్రకారం మిషను హాల్లో సోఫా వెనక మూలన ఉంది, అమ్మగారు పడుకునేది లోపలి గదిలో. అక్కడే సగం జవాబు దొరికింది. నేను కూడా 2019లో మా అమ్మాయి గదికి ఒకటి కొన్నప్పుడు మంచానికి దూరంగా మూలన పెట్టి, అంకె తొమ్మిది చూపిస్తోందని నిశ్చింతగా పడుకున్నాను. పదిరోజుల తర్వాత మీటరు తెచ్చి దిండు పక్కన పెడితే దానికి మూడు రెట్లు ఉంది. ఆ రాత్రే మిషనును గోడ నుంచి అడుగున్నర జరిపి మంచం వైపు తిప్పాను, తేడా గంటలో కనిపించింది.

సెన్సారు రకం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు అన్నిటినీ స్మార్ట్ సెన్సార్ అనే ఒకే మాటతో అమ్మేస్తారు. చవక మిషన్లలో ఇన్‌ఫ్రారెడ్ దీపం ఉన్నది పెడతారు, అది ఒక మైక్రాన్ కంటే చిన్న కణాలను సరిగా చూడలేదు, పొగలో ఉండేవి ఎక్కువగా అవే. కొంచెం మెరుగైనవాటిలో లేజర్ ఉంటుంది. ఒక బుల్లి ఫ్యాను గాలిని లోపలికి లాగితే, లేజర్ కిరణం కణాల మీద పడి చెదురుతుంది, ఆ చెదిరిన వెలుతురును బట్టి ఎన్ని కణాలున్నాయో లెక్కేసి, దాన్నుంచి బరువు ఊహిస్తుంది. అవును, ఊహిస్తుంది, తూకం వేయదు. అందుకే అగరుబత్తి పొగకూ రోడ్డు దుమ్ముకూ ఒకే అంకె వచ్చినా అసలు బరువు ఒకటి కాకపోవచ్చు. మూడో రకం వాసనల సెన్సారు. వేడి చేసిన లోహపు ఆక్సైడ్ పొర మీద ఆవిరులు తగిలితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఇది ఎండుమిరపకాయల పోపుకు, శానిటైజర్‌కు, సెంటుకు ఎగిరిపడుతుంది గానీ దుమ్మును అసలు చూడదు. ఇంకో చిక్కు ఏమిటంటే ఇలాంటివి చాలావరకు గత కొన్ని రోజుల్లో తమకు తగిలిన అతి మంచి గాలినే సున్నా అనుకుంటాయి, మీ వీధిలో రోజూ జీడి పొగ వాసన ఉంటే కొన్నాళ్లకు దానికి అదే మామూలు గాలి. మీ మిషనులో ఈ మూడింటిలో ఏముందో కనుక్కోండి. వాసనల సెన్సారు ఒక్కటే ఉంటే ఆటో మోడ్ గురించి ఇక ఆలోచించక్కర్లేదు, వాడకండి.

మన వైపు తేమ సంగతి కూడా ఉంది. సముద్రం పక్కన ఉన్నాం, వానాకాలం ఉదయాల్లో గాలిలో తేమ 85, 90 శాతం ఉండడం మామూలే. తేమ ఎనభై దాటాక కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, చవక లేజర్ సెన్సారు వాటిని పెద్ద కణాలనుకుని ఎక్కువ చూపిస్తుంది. ప్రభుత్వ కేంద్రాల్లో వాడే పెద్ద పరికరాలు గాలిని కాస్త వేడి చేసి ఆరబెట్టి కొలుస్తాయి, మనవాటికి ఆ ఏర్పాటు ఉండదు. కాబట్టి ఆగస్టు ఉదయం ఆరింటికి అంకె 80 చూపిస్తే కంగారు పడి టెన్షన్ పెట్టుకోవద్దు, జనవరిలో అదే 80 వస్తే మాత్రం నమ్మండి.

ఇక 500 చదరపు అడుగుల మాట. చూడాల్సిన అంకె సీఏడీఆర్, అంటే గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందన్నది. మీరు రాసినదాని ప్రకారం మీది 250. మన ఇళ్లలో శ్లాబు ఎత్తు పది అడుగులు వేసుకుంటే 500 చదరపు అడుగుల హాలులో ఉండే గాలి సుమారు 142 ఘనపు మీటర్లు. 250ని దానితో భాగిస్తే గంటకు రెండుసార్లు కూడా గాలి మారదు. ఉబ్బసం, ఎలర్జీ ఉన్నవాళ్ల గదికి గంటకు అయిదుసార్లు మారాలని లెక్క పెట్టుకుంటే ఈ మిషను సరిపోయేది 175 చదరపు అడుగులకే, అంటే ఒక మోస్తరు పడకగదికి. పైగా ఆ 250 అనేది అన్నిటికంటే పై స్పీడులో వచ్చేది. నిద్ర మోడ్‌లో నేను కొలిచిన మిషన్లలో చాలావరకు అందులో అయిదో వంతు కూడా ఇవ్వలేదు. హాలుకు తలుపు ఉండదు, వంటింటి నుంచి, వీధి నుంచి గాలి వస్తూనే ఉంటుంది, అక్కడ ఈ మిషను ఎంత తిరిగినా ఏటికి అడ్డంగా చేట పట్టినట్టే.

ఇప్పుడు అసలు పరీక్ష. దీనికి విడిగా ఒక పీఎం 2.5 మీటరు కావాలి, మూడు నాలుగు వేలలో లేజర్ రకం దొరుకుతుంది, తెలిసినవాళ్ల దగ్గరుంటే ఒకరోజుకు అడిగి తెచ్చుకోండి. దాని అంకె అచ్చంగా సరైనది కానక్కర్లేదు, ఎందుకో చెబుతాను. అమ్మగారిని ఆ పూటకు వేరే ఇంట్లోనో మేడ మీదో కూర్చోబెట్టండి, ఇది మరిచిపోవద్దు. మిషనును పడకగదిలోకి తెచ్చి ఆపి ఉంచండి. మీటరును దిండు ఎత్తులో పెట్టండి. తలుపులు, కిటికీలు మూసి, సీలింగ్ ఫ్యాను చిన్నగా తిప్పుతూ ఒక అగరుబత్తి వెలిగించండి. అంకె 300 దాటాక బత్తిని నీళ్లలో ముంచి ఆర్పి, అయిదు నిమిషాలు ఊరుకోండి, పొగ గదంతా కలవాలి. మరీ 500 పైకి పోనివ్వకండి, అంత చిక్కటి పొగలో ఈ సెన్సార్లు తడబడతాయి. తర్వాత అంకె సగం కావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి, 300 నుంచి 150 అయినా, 240 నుంచి 120 అయినా ఒకటే. మనం చూసేది సగం అవడాన్ని, మీటరు రెండు రెట్లు ఎక్కువ చూపించే రకమైనా మొదట్లోనూ అంతే ఎక్కువ చూపిస్తుంది, చివర్లోనూ అంతే, సగం సగమే. అందుకే చవక మీటరుతో కూడా ఈ పరీక్ష నిలబడుతుంది.

మిషను ఆపి ఉన్నప్పుడు ఒకసారి, పై స్పీడులో ఒకసారి, ఆటోలో ఒకసారి, మొత్తం మూడుసార్లు చేయాలి. చివరి రెండుసార్లూ పొగ గదంతా కలిశాకే మిషను వేయండి. మధ్యలో గది తెరిచి గాలాడనివ్వండి. సీలింగ్ ఫ్యాను స్పీడు మూడుసార్లూ ఒకటే ఉండాలి.

లెక్క సులువే. గది పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి 35.3తో భాగిస్తే ఘనపు మీటర్లు వస్తాయి. దాన్ని 41.6తో గుణించి, సగం కావడానికి పట్టిన నిమిషాలతో భాగించండి. ఉదాహరణకు 12 అడుగులు, 10 అడుగులు, ఎత్తు 10 అనుకుంటే 34 ఘనపు మీటర్లు. మిషను ఆపి ఉన్నప్పుడు సగం కావడానికి గంట పట్టిందనుకోండి, 34ను 41.6తో గుణించి 60తో భాగిస్తే 24. ఇది కణాలు వాటంతట అవి కింద పడడం, సందుల్లోంచి పోవడం. పై స్పీడులో ఎనిమిది నిమిషాల్లో సగమైందనుకోండి, 177. అందులోంచి ఆ 24 తీసేస్తే 153. మీ గదిలో మీ మిషను నిజంగా ఇస్తున్నది గంటకు 153 ఘనపు మీటర్లన్నమాట, డబ్బా మీద ఉన్న 250 కాదు. అయినా గంటకు నాలుగున్నర సార్లు గాలి మారుతోంది, పరవాలేదు, పనికొచ్చే మిషనే. ఇప్పుడు ఆటోలో ఇరవై నిమిషాలు పట్టిందనుకోండి, 71 లోంచి 24 పోతే 47. గంటకు ఒకటిన్నర సార్లు కూడా కాదు. అదే మిషను, అదే గది, అదే ఫిల్టరు, కేవలం మోడ్ మార్చడం వల్ల మూడో వంతుకు పడిపోయింది. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలు, మీవి వేరుగా వస్తాయి, కానీ పై స్పీడుకూ ఆటోకూ తేడా మాత్రం దాదాపు ప్రతి ఇంట్లోనూ చూశాను.

ఆటో పరీక్ష జరుగుతున్నప్పుడు ఇంకో రెండు గమనించండి. మిషను వేశాక ఎన్ని సెకన్లకు తన ఫ్యాను స్పీడు పెంచింది, తర్వాత మళ్లీ స్పీడు తగ్గించినప్పుడు దిండు దగ్గర మీటరులో ఎంత ఉంది. ఈ రెండో అంకె చాలా ముఖ్యం. మిషను తన మీద పన్నెండు చూపిస్తూ చల్లబడిపోయిన క్షణంలో దిండు దగ్గర యాభై ఉంటే ఆ ఆటో మోడ్ అమ్మగారికి పనికిరాదు. ఒకవేళ పొగ వచ్చినా సెన్సారు కదలకపోతే దాని కన్ను మీద దుమ్ము పేరుకుని ఉండొచ్చు. చాలా మిషన్లలో పక్కన చిన్న మూత ఉంటుంది, కరెంటు తీసేసి అది ఊడదీసి పొడి దూది పుల్లతో మెల్లగా తుడవండి, తడి వద్దు. రెండు నెలలకోసారి ఇది చేయాలి, మన ఊళ్లలో ఇంకా ముందే చేయాల్సి వస్తుంది. సెన్సారు పని చూడాలని కొందరు అగరుబత్తిని దాని మూతికే ఆనిస్తారు, అలా చేయకండి, పొగలోని జిడ్డు కంటికి అంటుకుంటే తర్వాత అంకెలన్నీ తప్పే.

ఫిల్టరు కూడా బయటికి తీసి చూడండి. కొత్త ఫిల్టరు ప్లాస్టిక్ కవరుతో వస్తుంది, ఆ కవరు తీయకుండానే నెలల తరబడి నడిపిన ఇళ్లు నేను రెండు చూశాను, లైటు మాత్రం అక్కడా పచ్చగానే ఉంది! తర్వాత చూడాల్సింది అంచులు. క్లీన్‌రూములో మేము ఫిల్టరు వెనక నూనె పొగ వదిలి, ముందు వైపు అంచుల వెంట ప్రోబు, అంటే మీటరుకు తగిలించిన గొట్టం తిప్పుతాం, నూటికి 0.01 వంతు కంటే ఎక్కువ ఎక్కడైనా దాటితే ఫెయిల్. ఎందుకంటే గాలికి ఫిల్టరు గుండా పోవడం కష్టం, పక్కన సందు దొరికితే అటే పోతుంది. హెచ్ 13 (హెపాలో ఒక గ్రేడు) అని రాసి ఉన్న మంచి కాగితం పెట్టినా చుట్టూ రబ్బరు సరిగా కూర్చోకపోతే లాభం లేదు. మీకు ప్రోబు అక్కర్లేదు. నాలుగు నెలలు వాడిన ఫిల్టరు కదా, గాలి బయటికొచ్చే వైపు తెల్లగా ఉండాలి, అంచుల వెంట బూడిద రంగు చారలు కనిపిస్తే అక్కడ్నుంచి గాలి తప్పించుకుపోతోందని అర్థం. రబ్బరు సర్ది మళ్లీ పరీక్షించండి. ఇంకో మాట, ఫిల్టరు ఇంకా 70 శాతం ఉందని మిషను చూపించేది చాలావరకు గంటల లెక్కే, ఫిల్టరును కొలిచి చెప్పేది కాదు. హైవే పక్క ఇంటికి, పొలం మధ్య ఇంటికి అదే లెక్క. పై స్పీడులో సగం అవడానికి పట్టే నిమిషాలు ఈ రోజు రాసిపెట్టుకుని మూడు నెలలకోసారి చూడండి, ఎనిమిది కాస్తా పన్నెండు అయినప్పుడు మార్చే సమయం వచ్చినట్టు. బయటి జాలీ కడగొచ్చు, హెపాను మాత్రం ఎప్పుడూ కడగకూడదు.

కరెంటు పోయి వచ్చినప్పుడు మిషను ఏం చేస్తుందో కూడా చూడండి. ప్లగ్గు తీసి ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. కొన్ని పాత స్పీడులోనే మొదలవుతాయి, కొన్ని ఆటోకి పోతాయి, కొన్ని అలా ఆగిపోయి బటన్ నొక్కేదాకా ఉంటాయి. రాత్రి రెండింటికి పది నిమిషాలు కరెంటు పోతే తెల్లారేదాకా మిషను ఆగిపోయి ఉందని ఎవరికీ తెలియదు. మీది ఈ చివరి రకమైతే ఇన్వర్టర్ లైనుకు వేయండి, 45 వాట్ల మిషను తొమ్మిది గంటలు నడిచినా 0.4 యూనిటే.

మీ ప్రశ్న చివర్లో మామూలుగా ఒక మాట రాశారు, రాత్రి దోమలకు అమ్మగారి గదిలో కాయిల్ వెలిగిస్తామని. నాకు అన్నిటికంటే అదే ఎక్కువ బాధ కలిగించింది. ఒక దోమల చక్రం పూర్తిగా కాలితే వచ్చే పీఎం 2.5 డెబ్భై అయిదు నుంచి 137 సిగరెట్ల దాకా సమానమని 2003లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. మూసిన గదిలో, ఉబ్బసం ఉన్న మనిషి మంచం కింద, రాత్రంతా! దయచేసి ఈ రోజే ఆపేయండి. దోమతెర కట్టండి, కిటికీలకు మెష్ కొట్టించండి. సాంబ్రాణి ధూపం మానలేమంటే ఆవిడ లేని గదిలో వేసి కిటికీలు తెరవండి. మిషను ఎంత మంచిదైనా గదిలోనే మండుతున్నదాన్ని అది దాటలేదు.

జీడి పొగ విషయం వేరు. పిక్కల తొక్కలో ఉండే జీడి నూనె మండినప్పుడు వచ్చే పొగలో కణాలతో పాటు గొంతు పట్టేసే ఘాటైన ఆవిరులు ఉంటాయి. కణాలను హెపా పడుతుంది, ఆవిరులను పట్టదు. వాటికి యాక్టివేటెడ్ కార్బన్, అంటే ఆవిరులను పట్టుకునే ప్రత్యేకమైన బొగ్గు కావాలి, అది కూడా బరువు లెక్కన. ఇళ్ల మిషన్లలో నల్లటి పల్చని గుడ్డలాంటి పొర ఉంటుంది చూడండి, అది కొన్ని వారాల్లో నిండిపోతుంది. కార్బన్ ఎన్ని గ్రాములని అడిగితే చెప్పలేని మిషనుతో వాసన పోతుందని ఆశ పెట్టుకోకండి. అయొనైజర్ (గాలిలోకి విద్యుదావేశం ఉన్న కణాలు వదిలేది) బటన్ ఉంటే ఆపేయండి, కొన్ని రకాలు ఓజోన్ వదులుతాయి, ఉబ్బసానికి అది శత్రువు.

మనది ఢిల్లీ కాదు కదా, ఇవన్నీ ఎందుకని మీ బావగారు అన్నారని రాశారు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద గాలి ప్రమాణాలు అందుకోలేని ఊళ్ల జాబితాలో మన రాష్ట్రం నుంచి శ్రీకాకుళం, విజయనగరం కూడా ఉన్నాయని ఆయనకు చెప్పండి. చలికాలంలో రాత్రిపూట గాలి కదలక, నేల దగ్గర చల్లగాలి మూతలా పట్టి, పొగంతా తెల్లవారుజామున వీధిలోనే నిలబడుతుంది. ఉబ్బసం కూడా ఆ వేళకే సహజంగా ముదురుతుంది. రెండూ కలిసి వస్తున్నాయి కాబట్టి ఆయాసమంతా గాలి వల్లేనని గానీ, మిషను పెడితే మొత్తం పోతుందని గానీ నేను చెప్పను. డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలరు ఒక్కరోజు కూడా మానొద్దు.

ఈ రాత్రికి ఇలా చేయండి. మిషనును అమ్మగారి గదిలోకి మార్చండి, చుట్టూ అడుగున్నర ఖాళీ ఉండాలి, గాలి మంచం వైపు రావాలి. ఆవిడ పడుకునే గంట ముందు తలుపు మూసి పై స్పీడులో పెట్టండి, పడుకున్నాక చప్పుడు భరించగలిగినంత పెద్ద స్పీడులో స్థిరంగా ఉంచండి, ఆటో వద్దు, నిద్ర మోడ్ వద్దు. ప్యూరిఫయరు కొత్త గాలిని తేదు, గదిలో ఉన్నదాన్నే తిప్పుతుంది, ఏసీ కూడా అంతే, కాబట్టి మధ్యాహ్నం సముద్రం గాలి తిరిగాక కిటికీలు ఒక అరగంట బార్లా తెరవండి. పది రోజులు ఇలా నడిపి, ఆవిడ రాత్రి ఎన్నిసార్లు లేచారో ఒక కాగితం మీద రాయండి.

పరీక్ష చేశాక గది కొలతలు, మిషను ఆపినప్పుడు, పై స్పీడులో, ఆటోలో సగం కావడానికి పట్టిన నిమిషాలు, ఆటో స్పీడు తగ్గించినప్పుడు దిండు దగ్గర ఉన్న అంకె నాకు రాయండి. ఫిల్టరు అంచుల ఫొటో కూడా పెడితే అది మార్చాలో వద్దో చూసి చెబుతాను.